పదో తరగతి ఇంగ్లీష్: గైడ్ దాటితే కలం ఆగిపోతోంది, ఏం ప్రాక్టీస్ చేయించాలి?

సిరొంచ నాన్న | శనివారం, రాత్రి 9:10

మా పాప పదో తరగతి, మహారాష్ట్ర బోర్డు. మరాఠీ మీడియమే గానీ సెమీ ఇంగ్లీష్. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో, మిగతావన్నీ మరాఠీలో. ఇంట్లో మాత్రం తెలుగే. ప్రిలిమ్ పేపర్లు చేతికొచ్చాయి. పుస్తకంలోంచి ఇచ్చిన ప్యాసేజీలకు మార్కులు బాగానే పడ్డాయి, గైడ్ మొత్తం బట్టీ కొట్టింది కదా. పుస్తకంలో లేని బయటి ప్యాసేజీ, సమ్మరీ, పద్యం అప్రిసియేషన్ (పద్యం గురించి రాసే జవాబు) దగ్గరికొచ్చేసరికి సగం పేజీలు ఖాళీ.

నేను చదివింది ఇంటర్, అదీ నది అవతల తెలుగు మీడియంలో. యూట్యూబ్‌లో తెలుగులో చెప్పే ఇంగ్లీష్ పాఠాలు బోలెడు ఉన్నాయి కానీ అవన్నీ తెలంగాణ, ఆంధ్ర పుస్తకాలవి. మా ఊళ్లో ట్యూషన్ అంటే లెక్కలకే. పరీక్షలకు ఇంకా టైమ్ ఉంది. ఇంట్లో కూర్చోబెట్టి ఏం చేయించాలి? ఎన్ని ప్రశ్నపత్రాలు రాయిస్తే దారిలో పడుతుంది?

బల్లార్షా కుర్రాడు | రాత్రి 9:24

అంకుల్, సెమీ అంటే పాపది 'మై ఇంగ్లీష్ కోర్స్‌బుక్', థర్డ్ లాంగ్వేజ్. ఇంగ్లీష్ మీడియం వాళ్లకు 'కుమారభారతి' వేరే ఉంటుంది. కొనేటప్పుడు చూసుకోండి, షాపువాళ్లు రెండూ ఒకటే అన్నట్టు ఇచ్చేస్తారు. పుస్తకం పీడీఎఫ్ బాలభారతి (ఇక్కడి పాఠ్యపుస్తకాలు వేసే సంస్థ) సైట్లో ఉచితంగా దొరుకుతుంది.

నేను పోయిన ఏడాదే రాశాను. రాతపరీక్ష 80 మార్కులు. లాంగ్వేజ్ స్టడీ 10, పుస్తకం ప్యాసేజీలు రెండూ కలిపి 20, పద్యాలు 10, బయటి ప్యాసేజీ సమ్మరీతో కలిపి 15, రైటింగ్ స్కిల్స్ 20, చివర అనువాదం 5. బోర్డు దాన్ని ప్రశ్నపత్రం అనదు, యాక్టివిటీ షీట్ అంటుంది. మా సార్లు కృతిపత్రిక అనేవారు.

మంచిర్యాల మేనమామ | రాత్రి 9:41

బావా, ముందు గ్రామర్ గట్టిగా పట్టించు. టెన్సెస్, యాక్టివ్ పాసివ్, డైరెక్ట్ ఇన్‌డైరెక్ట్. ఇవి వస్తే ఏ బోర్డు అయినా ఒకటే. ఇక్కడి నుంచి మంచి గ్రామర్ పుస్తకం పంపిస్తా, ఎట్లాగూ వచ్చే వారం మన వాళ్లు సిరొంచ వస్తున్నరు. వెయ్యి బిట్లు చేయించు, భయం పోతుంది.

దెగ్లూర్ అక్క | రాత్రి 10:05

మేనమామ గారికి నమస్కారం. వెయ్యి బిట్లు చేసిన పిల్లలే నా దగ్గరికి ట్యూషన్‌కి వస్తారు. బిట్‌లో పాసివ్ కరెక్టుగా మారుస్తారు. అదే పిల్ల ఉత్తరంలో 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అని రాస్తుంది. గ్రామర్ వద్దనడం లేదు. కానీ ఈ పాప మార్కులు పోయింది గ్రామర్‌లో కాదు. బయటి ప్యాసేజీకి 10, సమ్మరీకి 5, అప్రిసియేషన్‌కి 5. పైన కుర్రాడు చెప్పిన లెక్క చూడండి, 80లో 20 మార్కులు అక్కడే ఉన్నాయి.

అన్నా, పాప అప్రిసియేషన్‌లో ఏం రాసిందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టగలరా? జవాబు చూడకుండా మందు చెప్పలేను.

సిరొంచ నాన్న | రాత్రి 10:30

పెడుతున్నా అక్కా. పద్యం పేరు, కవి పేరు పేపర్లో చూసి రాసింది. తర్వాత 'రైమ్ స్కీమ్ ఈజ్ ఎ ఎ బి బి'. తర్వాత 'ది పోయెట్ హాజ్ యూజ్డ్ మెనీ ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ లైక్ సిమిలీ, మెటఫర్, అలిటరేషన్'. చివర 'ది పోయెమ్ ఈజ్ వెరీ నైస్ అండ్ గివ్స్ గుడ్ మెసేజ్ టు ది సొసైటీ'. అంతే. ఐదుకు ఒకటిన్నర వేశారు.

దెగ్లూర్ అక్క | రాత్రి 10:38

ఇది పాప రాసిన జవాబు కాదన్నా, జిల్లాలో సగం మంది రాసే జవాబు! ఏ పద్యం పేరు మార్చి పెట్టినా సరిపోతుంది. పేపర్ దిద్దేవాళ్లకూ అది తెలుసు. మాస్టారు ఈ పూట ఆన్‌లైన్‌లో ఉంటే బాగుండును.

ధర్మాబాద్ మాస్టారు | ఆదివారం, ఉదయం 6:15

ఉన్నానమ్మా. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ముట్టను, అందుకే ఇప్పుడు.

ఈ అప్రిసియేషన్ ప్రశ్నకు మార్కులు ఎలా పడతాయో ముందు పాపకు చెప్పండి. పేరు అర మార్కు, కవి అర మార్కు, రైమ్ స్కీమ్, అంటే పంక్తుల చివరి ప్రాస వరస, ఒకటి, ఫిగర్ ఆఫ్ స్పీచ్, అంటే అలంకారం, ఒకటి, థీమ్‌కు రెండు. అంటే రెండు మార్కులున్న థీమ్‌ను మన పిల్లలు ఒక్క వాక్యంలో తేల్చేసి, అర మార్కున్న కవి పేరు కింద రెండు గీతలు గీస్తున్నారు.

ప్రాక్టీస్‌కు పుస్తకంలో లేని పద్యం తీసుకోండి. ఉన్నదైతే చెయ్యి దానంతట అదే గైడ్ వైపు పోతుంది. నేను రవీంద్రుడి 'వేర్ ద మైండ్ ఈజ్ వితౌట్ ఫియర్' వాడేవాణ్ణి. ఇంగ్లీష్ గీతాంజలిలో 35వ గీతం. ఇది ఇంగ్లీష్ మీడియం వాళ్ల కుమారభారతిలో ఉంది, కోర్స్‌బుక్ పిల్లలకు కొత్తది. పాపను మూడుసార్లు పైకి చదవమనండి. తర్వాత ఒక్కటే అడగండి, ఈ పద్యంలో చుక్క, అంటే ఫుల్‌స్టాప్, ఎక్కడుంది? వెతికితే చివర తప్ప కనిపించదు. పద్యమంతా ఒకే వాక్యం. 'వేర్' అని మొదలుపెట్టి, మళ్లీ 'వేర్', మళ్లీ 'వేర్' అంటూ వాక్యాన్ని పూర్తి కానివ్వకుండా ఎక్కడికో మోసుకుపోతాడు. ఎక్కడికి? ఆఖరి పంక్తికి. 'ఇన్‌టు దట్ హెవెన్ ఆఫ్ ఫ్రీడమ్, మై ఫాదర్, లెట్ మై కంట్రీ అవేక్.' అసలు క్రియ అక్కడ దొరుకుతుంది. ఇది ప్రార్థన అని అప్పుడు తెలుస్తుంది. ఈ సంగతి పిల్ల తనంతట తాను కనిపెడితే థీమ్ రెండు మార్కులు వచ్చినట్టే, నేర్పక్కర్లేదు.

రైమ్ స్కీమ్ అడిగితే 'లేదు, ఫ్రీ వర్స్' అని ధైర్యంగా రాయాలి. లేని ప్రాసకు ఎ ఎ బి బి అని రాస్తే ఉన్న ఒక్క మార్కు పోతుంది. ప్రతి పంక్తిలో చివరి పదం కింద గీత గీయమనండి, పైకి చదవమనండి. చెవికి కలవకపోతే కలవనట్టే.

ఫిగర్ ఆఫ్ స్పీచ్ అంటే పేరొక్కటే రాస్తే చాలదు, పంక్తి చూపించాలి. 'డ్రియరీ డెజర్ట్ సాండ్ ఆఫ్ డెడ్ హ్యాబిట్' దగ్గర ఆపండి. అలవాటును ఎడారి ఇసుక అన్నాడు, 'లైక్' అనే మాట లేదు కాబట్టి మెటఫర్. డ్రియరీ, డెజర్ట్, డెడ్ అని 'డ' శబ్దం మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి అదే పంక్తిలో అలిటరేషన్ కూడా. 'టైర్‌లెస్ స్ట్రైవింగ్ స్ట్రెచెస్ ఇట్స్ ఆర్మ్స్' అన్నచోట ప్రయత్నానికి చేతులు పెట్టాడు, పర్సానిఫికేషన్. ఒక్కటి సరిగ్గా చూపించి ఎందుకో ఒక వాక్యం రాస్తే చాలు. పేర్లు పది రాసినా వచ్చేది ఆ ఒక్క మార్కే.

పుస్తకాలపురుగు | ఉదయం 8:50

మాస్టారు గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. ఇలా చివరి పదాల కింద గీతలు గీయించి, ఇది మెటఫర్, ఇది అలిటరేషన్ అని లేబుళ్లు అతికిస్తే ఆ పిల్ల జీవితంలో మళ్లీ పద్యం జోలికి వెళ్తుందా?

నేను నాందేడ్‌లో చదువుకునేటప్పుడు షేక్‌స్పియర్ 'ఆల్ ద వరల్డ్స్ ఎ స్టేజ్' ఇలాగే చెప్పారు. ఏడు దశలు టేబుల్ గీయించారు. పసివాడు, బడిపిల్లాడు, ప్రేమికుడు, సైనికుడు, న్యాయమూర్తి, బక్కచిక్కిన ముసలివాడు, ఆఖరికి మళ్లీ పసితనం. 'సాన్స్ టీత్, సాన్స్ ఐస్, సాన్స్ టేస్ట్, సాన్స్ ఎవ్రీథింగ్' దగ్గర రిపిటీషన్ అని రాసుకున్నాం. అయిపోయింది. చాలా ఏళ్ల తర్వాత నాటకం మొత్తం, 'యాజ్ యూ లైక్ ఇట్', చదివాను. రెండో అంకం ఏడో రంగం. జాక్విస్ ముసలితనం గురించి ఆ మాటలన్నీ అని ముగించగానే రంగం మీదికి ఎవరొస్తారో తెలుసా? ఓర్లాండో, ఆడమ్ అనే ముసలి సేవకుణ్ణి మోసుకుంటూ. ఆడమ్‌కు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. తను దాచుకున్న డబ్బంతా యజమానికిచ్చి, వెంట వచ్చిన మనిషి. 'ఏమీ మిగలదు' అన్న మాట పూర్తవగానే, మిగిలేది ఏమిటో షేక్‌స్పియర్ కళ్ల ముందు నిలబెట్టాడు. ఏ గైడ్‌లో ఉంది ఇది? ఏ కృతిపత్రికలో అడిగారు?

బల్లార్షా కుర్రాడు | ఉదయం 9:02

వావ్. మా క్లాసులో ఎవరికీ తెలియదు ఇది.

మంచిర్యాల మేనమామ | ఉదయం 9:15

అంతా బాగుంది. కానీ పరీక్షలో ఆడమ్ గురించి రాస్తే మార్కులేస్తరా?

ధర్మాబాద్ మాస్టారు | ఉదయం 9:40

పురుగు గారూ, మీరు చెప్పింది బంగారం. కానీ మీకు అది నచ్చడానికి ముందు ఆ ఏడు దశల టేబుల్ మీ బుర్రలో ఉందా, లేదా? ఉండబట్టే ఆడమ్ రాగానే మీకు ఛళ్లుమంది. నేను గీతలు గీయించేది పద్యం చంపడానికి కాదు, కన్ను నిలపడానికి. సిరొంచ పాపకు ఇప్పుడు కావలసింది, పద్యం తనకు అర్థమవుతుందన్న నమ్మకం. అది లేకే ఎ ఎ బి బి.

మేనమామ గారికి: పర్సనల్ రెస్పాన్స్ ప్రశ్నలో ఇలాంటిది రాస్తే దిద్దే మనిషికి మెలకువ వస్తుంది. దిద్దిన చెయ్యి కాబట్టి చెబుతున్నా.

అన్నట్టు సిమిలీ నేర్పడానికి అదే పద్యం మంచిది. బడిపిల్లాడు 'క్రీపింగ్ లైక్ స్నెయిల్', ప్రేమికుడు 'సైయింగ్ లైక్ ఫర్నెస్', సైనికుడు 'బియర్డెడ్ లైక్ ద పార్డ్'. వరసగా మూడు. నత్తలాగా బడికి ఈడ్చుకుంటూ వెళ్లే పిల్లాణ్ణి ఏ ఊళ్లో పిల్లలైనా వెంటనే గుర్తుపడతారు.

పుస్తకాలపురుగు | ఉదయం 9:48

సరే మాస్టారూ, ఈ రౌండ్ మీదే. ఆడమ్‌ను మాత్రం వదలను.

దెగ్లూర్ అక్క | ఉదయం 11:20

పద్యం సంగతి మాస్టారు చూసుకుంటారు. నేను ప్యాసేజీ సంగతి చెబుతా, అక్కడే 15 మార్కులున్నాయి.

మా ట్యూషన్‌లో ఒకటే నియమం. జవాబు చెప్పే ముందు ఆ జవాబు ప్యాసేజీలో ఏ పంక్తిలో ఉందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే రాయకూడదు. మొదటి వారం పిల్లలు విసుక్కుంటారు, తర్వాత అదే అలవాటవుతుంది. ఎక్కువ పేపర్లు రాయించడం కంటే ఒక్క ప్యాసేజీని ఇలా పిండడం మేలు.

నేను రాసిన చిన్న ప్యాసేజీ ఒకటి పెడుతున్నా. వంతెన పడకముందు మీ సిరొంచ నుంచి కాళేశ్వరానికి పడవల మీదే కదా వెళ్లేవారు, అందుకని మీ పాపకు పడవ నడిపే మనిషినే తీసుకున్నా.

'ది ఫెర్రీమన్ ఆఫ్ అవర్ విలేజ్ నెవర్ లెర్న్‌డ్ టు రీడ్. హీ న్యూ ది రివర్ బై ఇట్స్ కలర్. వెన్ ది వాటర్ టర్న్‌డ్ రెడ్డిష్, హీ టైడ్ హిస్ బోట్ అండ్ రిఫ్యూజ్‌డ్ ఎవ్రీ ప్యాసెంజర్, ఈవెన్ ది తహసిల్దార్. పీపుల్ గ్రంబుల్‌డ్. బట్ నో వన్ ఎవర్ డ్రౌన్‌డ్ ఇన్ హిస్ బోట్.'

పాపకు మూడు ప్రశ్నలు. ఒకటి, జనం ఎందుకు సణిగారు? రెండు, ఆ మనిషి అధికారులకు భయపడడని ఎలా తెలుస్తుంది? మూడు, ఆఖరి వాక్యానికి క్వశ్చన్ ట్యాగ్, అంటే చివర తగిలించే చిన్న ప్రశ్న, రాయాలి. జవాబుతో పాటు ఏ పంక్తిలోంచి తీసిందో కూడా చెప్పాలి. గైడ్ తెరవకూడదు, మామయ్యకు ఫోన్ చేయకూడదు!

సిరొంచ నాన్న | సాయంత్రం 5:35

అక్కా, కూర్చోబెట్టి రాయించా.

మొదటిదానికి 'బికాజ్ ది రివర్ వాజ్ రెడ్' అని రాసింది. రెండోదానికి 'హీ ఈజ్ బ్రేవ్ అండ్ ఆనెస్ట్'. పంక్తి ఏదని అడిగితే నిశ్శబ్దం. మూడోదానికి 'డిడ్‌న్ట్ హీ?'

దెగ్లూర్ అక్క | సాయంత్రం 6:10

ఇప్పుడు అసలు రోగం దొరికిందన్నా. పాపకు ఇంగ్లీష్ రాకపోవడం కాదు.

మొదటిది చూడండి. నీళ్లు ఎర్రబడటం వల్ల అతను పడవ కట్టేశాడు. ఎవరినీ ఎక్కించుకోలేదు కాబట్టి జనం సణిగారు. పాప ఒక మెట్టు దాటేసి వెనకున్న కారణం పట్టుకుంది. 'బికాజ్ హీ రిఫ్యూజ్‌డ్ ఎవ్రీ ప్యాసెంజర్' అన్నది జవాబు. 'గ్రంబుల్‌డ్' అన్న మాట మీద వేలు పెట్టి, దానికి ముందు వాక్యం మళ్లీ చదవమని ఉంటే తానే చెప్పేది.

రెండోది ఇంకా ముఖ్యం. 'బ్రేవ్ అండ్ ఆనెస్ట్' అని గైడ్‌లో ప్రతి పాత్రకూ ఉంటుంది, అదే పట్టుకొచ్చింది. ఇక్కడ పని చేస్తున్నది 'ఈవెన్' అనే నాలుగక్షరాల మాట. తహసిల్దారును కూడా ఎక్కించుకోలేదు. ఆ మాట తీసేసి ఒకసారి చదవమనండి, తేడా పాపకే తెలుస్తుంది. జవాబు ఇలా రాయొచ్చు: 'హీ రిఫ్యూజ్‌డ్ ఈవెన్ ది తహసిల్దార్. దిస్ షోస్ దట్ హీ వాజ్ నాట్ అఫ్రెయిడ్ ఆఫ్ ఆఫీసర్స్.' ముందు ప్యాసేజీలో మాట, తర్వాత 'దిస్ షోస్ దట్' అని మన మాట. ఈ రెండు వాక్యాల పద్ధతి పట్టుబడితే సగం ప్రశ్నలు దారికొస్తాయి.

మూడోది 'డిడ్ దే?' 'నో వన్' అన్నప్పుడే వాక్యంలో 'కాదు' వచ్చేసింది, ట్యాగ్‌లో మళ్లీ 'నాట్' రాకూడదు. 'నో వన్', 'ఎవ్రీవన్' లాంటి వాటికి ట్యాగ్‌లో 'దే' వాడతాం. సెల్డమ్, హార్డ్‌లీ ఉన్న వాక్యాలూ ఇంతే. ఇది మేనమామ గారి డిపార్ట్‌మెంట్, వాళ్ల పుస్తకంలోంచి ఇలాంటివి ఓ పేజీ చేయించండి.

మంచిర్యాల మేనమామ | సాయంత్రం 6:25

హమ్మయ్య, నాకూ ఒక డిపార్ట్‌మెంట్ దొరికింది. పుస్తకం గురువారానికి చేరుతుంది బావా.

కిన్వట్ అమ్మ | సాయంత్రం 7:00

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబుదీ పదే. చివరి 5 మార్కుల అనువాదంలో తెలుగులో రాయొచ్చా, మరాఠీలోనే రాయాలా? వాడు కొన్ని మాటలు మరాఠీ లిపిలో తెలుగు రాసేస్తున్నాడు.

బల్లార్షా కుర్రాడు | సాయంత్రం 7:08

ఆంటీ, 'మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్'లోకి అని పేపర్లోనే ఉంటుంది. మరాఠీ మీడియం అయితే మరాఠీయే. నాలుగు పదాలకు 2, రెండు వాక్యాలకు 2, ఒక సామెతకో ఇడియమ్‌కో 1. మా ఇంట్లోనూ తెలుగే. మా అమ్మ సామెత తెలుగులో చెప్తే, దానికి దగ్గరిది మరాఠీలో ఏముందో మా ఫ్రెండ్‌ను అడిగి రాసుకునేవాణ్ణి. ఆ నోట్‌బుక్ ఇంకా ఉంది, కావాలంటే ఫోటోలు పెడతా.

లాంగ్వేజ్ స్టడీ గురించి కూడా ఒకటి. వర్డ్ చైన్‌లో ఒక పదం చివరి అక్షరంతో తర్వాతి పదం మొదలవ్వాలి. మన పిల్లలు పోగొట్టుకునేది ఎక్కడంటే, శబ్దం పట్టుకుని వెళ్తారు. 'టేబుల్' అన్నాక 'ల్' వినిపించింది కదా అని 'లయన్' రాస్తారు. కానీ స్పెల్లింగ్ చివర ఉన్నది 'ఈ'. అక్కడ 'ఎగ్' రావాలి, దాని తర్వాత 'గోట్'. నోటితో ఆడితే ఇది తెలియదు, కాగితం మీదే ఆడాలి. ఒక పదంలోంచి నాలుగు పదాలు తీసే ప్రశ్నా అంతే. 'ఎడ్యుకేషన్' ఇస్తే ఓషన్, డాన్స్, నోట్, యాక్షన్ వస్తాయి. 'డిసైడ్' రాదు, 'డి' ఒక్కటే ఉంది. కొట్టివేతలు లేకుండా రెండు నిమిషాల్లో తేలిపోయే మార్కులివి.

కిన్వట్ అమ్మ | సాయంత్రం 7:15

ఫోటోలు తప్పకుండా పెట్టు బాబూ. నీకు పుణ్యం ఉంటుంది.

ధర్మాబాద్ మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

ఇన్ఫర్మేషన్ ట్రాన్స్‌ఫర్ గురించి ఎవరూ ఎత్తలేదు. ఇంగ్లీష్ అంతంతమాత్రంగా ఉన్న పిల్లలు కూడా 5 మార్కులు తెచ్చుకోగలిగేది అదే. పేరా ఇచ్చి ట్రీ డయాగ్రామో టేబులో గీయమంటారు, లేదా బొమ్మ ఇచ్చి పేరా రాయమంటారు.

దీనికి పుస్తకం అక్కర్లేదు. సిరొంచలో ఉండి నదుల బొమ్మ గీయలేమా? పైన గోదావరి పెట్టండి. కింద ఉపనదులు కొన్ని: మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి. ప్రాణహిత కింద రెండు కొమ్మలు, వార్ధా, వైన్‌గంగ. వార్ధా కింద పెన్‌గంగ. ఇప్పుడు ఆ బొమ్మ చూసి పాపను ఇంగ్లీషులో పేరా రాయమనండి. 'ది ప్రాణహిత ఈజ్ ఫార్మ్‌డ్ బై ది వార్ధా అండ్ ది వైన్‌గంగ. ఇట్ మీట్స్ ది గోదావరి నియర్ సిరొంచ.' నదుల పేర్ల ముందు 'ది' రావాలని గ్రామర్ పాఠం చెప్పకుండానే పడుతుంది. పాసివ్ వాయిస్ కూడా వచ్చేసింది చూడండి, 'ఈజ్ ఫార్మ్‌డ్ బై'. మా వైపు పిల్లలకైతే మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి దగ్గర మొదలుపెట్టించేవాణ్ణి. తెలిసిన చోటైతే పిల్లలకు ఏం రాయాలన్న వెతుకులాట ఉండదు, ఎలా రాయాలన్నదే మిగులుతుంది.

సమ్మరీకి కూడా ఇదే దారి. ముందు బొమ్మ గీయించండి, తర్వాత ప్యాసేజీ మూసేసి బొమ్మ చూసి రాయించండి. ప్యాసేజీ తెరిచి ఉంటే వాక్యాలు ఎత్తి రాస్తారు. మూడోవంతుకు దించాలి, పైన ఒక టైటిల్ పెట్టాలి. టైటిల్ మర్చిపోయేవాళ్లు ఎంతమందో!

పుస్తకాలపురుగు | ఉదయం 8:30

మూసేసి రాయడం, ఇది నాకు బాగా నచ్చింది మాస్టారూ. పెద్దవాళ్లం కూడా చేయొచ్చు.

మంచిర్యాల మేనమామ | మధ్యాహ్నం 1:10

నాది ఒక డౌట్. రాతకు 80 అన్నరు, మిగతా 20 మాటలకా? మా దగ్గర అవి స్కూల్లో ఎట్లాగూ వేసేస్తరు. వాటికి ప్రాక్టీస్ ఎందుకు?

దెగ్లూర్ అక్క | మధ్యాహ్నం 2:25

2019 గుర్తుందా మీకు? ఆ ఏడాది మహారాష్ట్రలో భాషలకు ఆ 20 మార్కులు తీసేశారు, మొత్తం రాతపరీక్షే. 2018లో 89.41 శాతం పాసైతే 2019లో 77.10కి పడిపోయింది. గొడవ అయ్యాక తర్వాతి ఏడాది మళ్లీ తెచ్చారు. అంటే చాలామంది ఆ 20 మీదే గట్టెక్కుతున్నారని తేలింది. వేసేస్తారన్నది నిజమే కావచ్చు. కానీ నోటితో ఒక్క వాక్యం కూడా చెప్పని పిల్ల డైలాగ్ రైటింగ్‌లో ఏం రాస్తుంది? స్పీచ్ ఏం రాస్తుంది? సరుకులకు వెళ్లినప్పుడు షాపువాడితో జరిగిన మాటలు ఇంటికొచ్చి ఇంగ్లీషులో చెప్పమంటా నేను. తప్పులు దిద్దను. దిద్దితే మర్నాడు నోరు తెరవరు.

కిన్వట్ అమ్మ | మధ్యాహ్నం 2:40

దిద్దకపోతే తప్పులే అలవాటవవా అక్కా?

దెగ్లూర్ అక్క | మధ్యాహ్నం 2:52

మాటల్లో దిద్దను, రాతలో వదలను. అదీ రోజుకు ఒక రకం తప్పే దిద్దుతా. ఇవాళ ఆర్టికల్స్ అంటే ఆర్టికల్సే. 'యాన్ అవర్', 'ఎ యూనివర్సిటీ' లాంటివి ఆ రోజే తేల్చేస్తా, స్పెల్లింగ్ తప్పు కళ్లెదురుగా కనిపిస్తున్నా పట్టించుకోను. కాగితం నిండా ఎర్రసిరా కనిపిస్తే పిల్ల చూసేది మార్కులే, తప్పులు కాదు.

సిరొంచ నాన్న | బుధవారం, రాత్రి 9:30

నిన్న, ఇవాళ నదుల బొమ్మ, పడవ ప్యాసేజీ మళ్లీ చేశాం. అక్క చెప్పని పని ఒకటి పాప తనే చేసింది. ప్రశ్నలు తానే తయారుచేసి నన్ను రాయమంది. 'హూ వాజ్ మోర్ పవర్‌ఫుల్ ఇన్ ది రెయినీ సీజన్, ది తహసిల్దార్ ఆర్ ది ఫెర్రీమన్?' అని అడిగింది. ప్యాసేజీలో వర్షాకాలం అన్న మాటే లేదు కదా అన్నాను. 'రెడ్డిష్' అన్న మాట మీద వేలు పెట్టి చూపించింది. వరద నీళ్లే ఎర్రగా వస్తాయి కదా నాన్నా అంది.

ధర్మాబాద్ మాస్టారు | గురువారం, ఉదయం 6:05

శభాష్! ఆ ప్రశ్నను నేను నా దగ్గరున్న ప్రశ్నల కట్టలో పెట్టుకుంటున్నా. పాప అనుమతి అడిగి చెప్పండి.

ఇక నుంచి ప్రతి ప్యాసేజీకి పాప రెండు ప్రశ్నలు తయారుచేయాలి. ఒకదానికి జవాబు పంక్తిలో నేరుగా కనిపించాలి, ఇంకోదానికి కనిపించకూడదు. రెండోదానికి వేలు ఎక్కడ పెట్టాలో పాపకు తెలిసి ఉండాలి.

బల్లార్షా కుర్రాడు | గురువారం, ఉదయం 10:15

అనువాదం నోట్‌బుక్ ఫోటోలు ఇదే చర్చలో పెట్టాను ఆంటీ. మూడో పేజీలో చాయ్ మరక ఉంది, అక్కడి రెండు సామెతలు కనిపించకపోతే అడగండి, టైప్ చేసి పెడతా. అంకుల్, పాప ప్రశ్నకు నేను 'ది ఫెర్రీమన్, బికాజ్ ఈవెన్ ది తహసిల్దార్ హాడ్ టు వెయిట్' అని రాశా. మార్కులు వేయమనండి.

సిరొంచ నాన్న | గురువారం, రాత్రి 8:45

రెండుకు ఒకటిన్నర వేసింది. తహసిల్దార్ వెయిట్ చేశాడని ప్యాసేజీలో ఎక్కడుందో పంక్తి చూపించమంటోంది.